సీసాలో యోధుడు

అలంకార చేపలు అమ్మే అంగడికి వెళ్లినవారి చూపును మొదట లాగేవి పెద్ద గాజు తొట్టెలు కావు, బల్ల మీద వరుసగా పేర్చిన చిన్న చిన్న సీసాలు. సీసాకు ఒక చేప. ఒకటి నెమలికంఠం రంగు, ఒకటి కుంకుమ రంగు, మరొకటి తెల్లని పట్టు కుచ్చిళ్ల వంటి తోకతో. సీసాకూ సీసాకూ నడుమ ఒక అట్టముక్క నిలబెట్టి ఉంటుంది. ఆ అట్టను పైకి తీస్తే చాలు, పక్క సీసాలోని మగచేపను చూసి ఇది మొప్పల మూతలు విప్పార్చి, రెక్కలు నిక్కించి గాజుకు ఎదురు నిలుస్తుంది. అంగడివాడు ఆ వినోదం చూపుతాడు, పిల్లవాడు ముచ్చటపడతాడు, తండ్రి జేబులో చెయ్యి పెడతాడు. ‘‘దీనికి గాలి పంపు అక్కరలేదండీ, ఏ సీసాలోనైనా బ్రతుకుతుంది’’ అన్న భరోసాతో బేరం ముగుస్తుంది.

ఆ మాటలో సగం నిజం ఉన్నది. చిక్కంతా ఆ సగం నిజంతోనే.

ఇది సయాం దేశపు పోరు చేప. అంగళ్లలో బెట్టా అనీ, ఫైటర్ అనీ పిలుస్తారు. థాయి భాషలో దీని పేరు ‘ప్లా కట్’, అంటే కరిచే చేప. మధ్య థాయ్‌లాండ్‌లోని వరిపొలాలు, బురద మడుగులు, మందంగా పారే కాలువలు దీని పుట్టినిల్లు. మన కోడిపందేల వలె అక్కడ చేపల పందేలు తరతరాలుగా సాగినవి. ఆ పందేల అనుమతుల మీద సయాం రాజుకు చెప్పుకోదగిన ఆదాయం వచ్చేదని థియోడర్ కాంటర్ అనే వైద్యుడు 1849లో రాశాడు. ‘బెట్టా స్ప్లెండెన్స్’ అన్న శాస్త్రీయ నామాన్ని 1910లో చార్లెస్ టేట్ రీగన్ పెట్టాడు. కనీసం 400 ఏళ్లుగా మనిషి ఈ చేపను పెంచి మలుస్తున్నాడని 2022లో వెలువడిన ఒక జన్యు పరిశోధన తేల్చింది. థాయ్‌లాండ్ ప్రభుత్వం 2019లో దీనిని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. పొలాల్లో పుట్టిన అసలు చేప పొట్టి రెక్కలతో, మట్టిలో కలిసిపోయే రంగుతో ఉంటుంది. మనం మెచ్చుకునే ఆ కుచ్చిళ్లన్నీ మనిషి చేర్చినవే, అవి ఈతకు బరువు కూడా.

ఇక అంగడివాడి మాట. ఈ చేపకు మొప్పలకు తోడు తలలో మడతలు మడతలుగా ఒక ప్రత్యేక శ్వాసావయవం ఉన్నది. నీటిపైకి వచ్చి నోటితో ఒక గుక్క గాలి తీసుకుని మళ్లీ కిందికి పోతుంది. నీరు వెచ్చబడి ప్రాణవాయువు సన్నగిల్లిన మడుగులో తక్కిన చేపలు ఉక్కిరిబిక్కిరవుతుంటే ఇది నిలదొక్కుకుంటుంది. బుట్టలో వేసినా చాలాసేపు ప్రాణంతో ఉండే మన కొరమీను కూడా గాలి పీల్చే చేపే. శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ ఒకే వర్గంలో చేర్చారు.

అయితే ఈ ఏర్పాటు ఊపిరి ఆడటానికే గాని విషం నుంచి రక్షణకు కాదు. చేప మొప్పల నుంచి, మలం నుంచి, తినగా మిగిలిన మేత నుంచి అమోనియా పుడుతుంది. అరలీటరు సీసాలో అది కరిగి పలచబడటానికి తావు లేదు. నీరు తేటగానే కనిపిస్తుంది, మొప్పలు మాత్రం కాలిపోతుంటాయి. తక్కిన చేపయితే ఒకటి రెండు రోజుల్లో చచ్చి తన కష్టం తెలియజేస్తుంది. ఇది గాలి గుటకలతో వారాలు, ఒక్కొక్కసారి నెలలు నెట్టుకొస్తుంది. మంచి పోషణలో రెండు నుంచి నాలుగేళ్లు బ్రతకవలసిన చేప కొద్ది నెలలకే పోతే, దాని ఆయువు అంతేనని ఇంటివారు సరిపెట్టుకుంటారు. వరిపొలంలో నీరు జానెడే కదా అని వాదించేవారూ ఉన్నారు. లోతు జానెడే, కాని ఆ నీరు పరచుకున్నది ఎకరాల మేర.

కాబట్టి ఒక్క చేపకైనా 20 లీటర్ల నీరు ఉండటం మేలు. 45 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 25 ఎత్తు గల తొట్టెలో 20 సెంటీమీటర్ల మేర నింపితే 22 లీటర్లకు కొంచెం పైగా పడుతుంది. ఎత్తయిన తొట్టె కన్న పొడవైనది మంచిది, ఊపిరికై పైకీ కిందికీ తిరిగే చేపకు ప్రయాణం తగ్గుతుంది. మూత తప్పనిసరి, ఎందుకంటే ఇది ఎగిరి దూకగలదు. నీటికీ మూతకూ మధ్య కొంత ఖాళీ విడవాలి. నీరు 24 నుంచి 28 డిగ్రీల వేడిలో ఉండాలి. కోస్తా ఊళ్లలో ఏడాదిలో చాలా నెలలు దీనికి హీటరుతో పని పడదు. ఢిల్లీ చలికాలంలో అది లేనిదే గడవదు. ఎండాకాలంలో చిన్న సీసా గంటల్లో వేడెక్కుతుంది, పైగా నీరు వేడెక్కినకొద్దీ అమోనియా కాటు పెరుగుతుంది.

తొట్టె కొన్ననాడే చేపను కొనడం ఇళ్లలో సాధారణంగా జరిగే పొరపాటు. అమోనియాను నైట్రైటుగా, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఇసుకలో, ఫిల్టరు స్పంజిలో స్థిరపడాలి. వాటికి చిటికెడు మేత వేస్తూ ఉంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పిల్లలకు ఇది పరీక్షే! కుళాయి నీటిలోని క్లోరిన్ ఆ జీవులనూ చేపనూ కూడా బాధిస్తుంది గనుక, దానిని విరిచే మందు చుక్కలు కలిపిన తర్వాతే పోయాలి. తర్వాత వారానికి పావువంతు నీరు మారిస్తే చాలు. ఫిల్టరు ప్రవాహం మెల్లగా ఉండాలి, ఆ బరువైన రెక్కలు వరదకు ఎదురీదలేవు.

ఇంతా అమర్చాక ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు: ‘‘పాపం, ఒంటరిగా దిగులు పడదా?’’ దిగులు మనది. మగ బెట్టా తన మడుగు భాగాన్ని తానే ఏలుకునే చేప. నీటిపైన నురుగుతో గూడు కట్టి, గుడ్లను నోటితో ఏరి అందులో అమర్చి, ఒంటరిగా కావలి కాస్తుంది. గుడ్లు పెట్టిన ఆడచేపను సైతం తరిమేస్తుంది. పొలంలోనైతే ఓడినది పారిపోవచ్చు. గాజు గోడల మధ్య పారిపోయే దారి ఉండదు. అందుచేత రెండు మగచేపలు ఒకచోట కూడవు, జంటను నిత్యం కలిపి ఉంచడమూ కూడదు.

తోడు కావాలనే పట్టుదల ఉంటే 50, 60 లీటర్ల తొట్టె, దట్టంగా మొక్కలు, దాగే చోట్లు మొదట సిద్ధపరచుకోవాలి. అడుగున తిరిగే కోరిడోరాస్, పాము వంటి కూలీ లోచ్, మధ్య నీటిలో తిరిగే హార్లెక్విన్ రాస్‌బోరా ఇందుకు పనికి వస్తాయి. ఇవన్నీ గుంపు చేపలు, ఆరింటికి తక్కువైతే బెదిరిపోతాయి. చిన్న తొట్టెకు నత్త చాలు. రొయ్యపిల్లలు తోడుగా మొదలై మేతగా ముగిసే అవకాశం ఎక్కువ. మగ గప్పీ రంగుల తోకను బెట్టా శత్రువు జెండాగా భావిస్తుంది. టైగర్ బార్బు బెట్టా తోకనే కొరుకుతుంది. గౌరామి దాయాది, దాయాదుల పోరు సంగతి చెప్పనక్కరలేదు. గోల్డు ఫిష్‌కు చల్లని నీరు కావాలి, అది చేసే మలినమూ ఎక్కువ. అద్దం శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. విసుగెత్తినవారు చెరువుల్లో వదిలిన ఆ జాతి చేపలే నేడు డెవిల్ ఫిష్ పేరుతో ఆంధ్ర జాలరుల వలలు చింపుతున్నవి.

సరిపడే జాతిని తెచ్చినా మాట ఖాయం కాదు. ఒక బెట్టా రాస్‌బోరాల గుంపును కన్నెత్తి చూడదు, అదే తల్లికి పుట్టిన మరొకటి నత్త మీసాలను కూడా వదలదు. మొదటి వారం రెండు పూటలా గమనించాలి. చిరిగిన రెక్క, ముడుచుకున్న తోక, మేత వేళకు పైకి రాని చేప, మూలను వదలని చేప కనబడితే ఆ పూటే వాటిని వేరు చేయాలి. అంగడి నుంచి వచ్చిన సీసాను పారవేయనవసరం లేదు. కడిగి తొట్టె పక్కన ఉంచితే, రెండో తొట్టె సిద్ధమయ్యేలోగా చేప ఒక రాత్రి గడపడానికి పనికి వస్తుంది.