అందరినీ రమ్మనే చల్లని భవనం

మే నెలలో ఒకరోజు సాయంత్రం నాలుగింటికి మీ ఇంటి పడమటి గోడను బయటినుంచి తాకి చూడండి. ఆ తరువాత దక్షిణపు గోడను తాకండి. రెండింటినీ కట్టింది ఒకే ఇటుకతోనే. అయినా పడమటి గోడ ఎక్కువ వేడిగా ఉంటుంది. ఎందుకని?

జవాబు సూర్యుని నడకలో ఉంది. పాల్కురికి సోమనాథుని ఊరైన పాలకుర్తినే తీసుకుందాం. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఈ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే 10 ప్రాంతంలో అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఎండంతా పైకప్పు మీదే పడుతుంది. ఉదయం, సాయంత్రం మాత్రం కిరణాలు వాలుగా వచ్చి తూర్పు, పడమటి గోడలను కాలుస్తాయి.

ఇటువంటి ఊళ్లో ఊరందరికీ ఒక వినోద కేంద్రం కట్టాలనుకోండి. పుస్తకాల గది, క్యారమ్స్, చదరంగం ఆడుకునే హాలు, చిన్న నాటక వేదిక అందులో ఉంటాయి. భవనాన్ని తూర్పు పడమరలుగా పొడుగ్గా కడితే ఎండకు కాలే గోడలు రెండూ పొట్టివవుతాయి. పైకప్పుకు తెల్లని పూత పూస్తే అది చాలా వెలుగును తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది ఇందుకే.

ఇక గాలి సంగతి. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన గ్రీన్ బిజినెస్ సెంటర్ మధ్యలో గుండ్రని ఖాళీ ఆవరణ ఉంది. గోడలకు జాలీలు, కప్పు మీద మొక్కలు ఉన్నాయి. ఆవరణ గదులకు గాలి, వెలుతురు ఇస్తుంది. మన పాత మండువా ఇళ్లలో ఉన్న ఏర్పాటూ ఇదే!

గది చల్లగా ఉంటే ఫ్యాన్ల పని తగ్గుతుంది. ఆ ఫ్యాన్లలో కూడా తేడా ఉంది. 75 వాట్ల పాత ఫ్యాన్లు పది, రోజుకు 8 గంటలు తిరిగితే 6 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. 30 వాట్ల కొత్తరకం ఫ్యాన్లయితే 2.4 యూనిట్లే.

మరి చల్లగా ఉంటే చాలునా? గుమ్మం ముందు మూడు మెట్లుంటే చక్రాల కుర్చీలో వచ్చే మీ స్నేహితురాలు బయటే ఆగిపోతుంది. మోకాళ్ల నొప్పుల తాతయ్య వెనుదిరుగుతాడు. అది అందరి భవనం ఎలా అవుతుంది?

దీనికి సులువైన లెక్క ఉంది. 1 అడుగు ఎత్తు ఎక్కాలంటే వాలుదారి కనీసం 12 అడుగుల పొడవుండాలి. మూడు మెట్ల ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకుంటే, వాలుదారి 5.4 మీటర్లు కావాలి. వాకిలి వెడల్పు 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు. గడపా ఉండకూడదు.

అంత చోటెక్కడిది అంటారా? భవనం చుట్టూ వసారా వేయండి. దాని నీడ గోడలను కాపాడుతుంది. వాలుదారిని వసారాలోకి కలిపితే, ఆ నీడలోనే చక్రాల కుర్చీ ప్రతి గదికీ సాఫీగా వెళుతుంది. ఒకే ఏర్పాటుతో రెండు పనులు! అయితే ఇది పునాది తవ్వకముందే, కాగితం మీద ఆలోచించవలసిన విషయం. కట్టేశాక గోడల దిక్కు మార్చలేం.

ఇప్పుడు ఒక టేపు తీసుకుని మీ బడి గ్రంథాలయం మెట్ల ఎత్తు కొలవండి. దాన్ని 12తో హెచ్చించండి. ఆ పొడవు వాలుదారికి అక్కడ చోటుందా? ఉంటే పటం గీసి మీ ప్రధానోపాధ్యాయులకు చూపించండి.