మోటారు ఎక్కడుంది?

పాత లెన్సులకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది, కాకపోతే అన్నిటికీ కాదు. చేత్తో ఫోకస్ తిప్పుకునే 50 ఎంఎం లోహపు లెన్సుల కోసం మిర్రర్‌లెస్ కెమెరాల వాళ్లు ఎగబడుతుంటారు. వాటి పక్కనే పడి ఉండే 35-70, 70-210 ఆటోఫోకస్ జూమ్‌లను మాత్రం పలకరించేవాళ్లుండరు. 1980ల చివర్లోనూ 90లలోనూ చాలావరకు కెమెరాతో కలిపి అమ్మిన సరుకిది. లెక్కకు మించి తయారైంది. చాలావాటికి ఒళ్లంతా ప్లాస్టిక్, ఫోకస్ రింగు సన్నగా, వదులుగా ఉంటుంది. పట్టుకుంటే ముచ్చటేయదు కనుక ధర పలకదు. అంతమాత్రాన నాసిరకం అనుకుంటే తొందరపాటే.

వీటిలో ఒకదాన్ని కొనాలనుకునేవాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్న, ఫొటో ఎంత షార్ప్‌గా వస్తుందని. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: ఫోకస్‌ను తిప్పే మోటారు లెన్సులో ఉందా, కెమెరాలో ఉందా? నలభై ఏళ్ల కిందట ఒక్కో కంపెనీ ఈ విషయంలో ఒక్కో దారి పట్టింది. ఆ పాత లెన్సు ఈరోజు మన కెమెరా మీద పనిచేస్తుందా, బరువుకు తప్ప దేనికీ పనికిరాకుండా పోతుందా అన్నది ఆ దారిని బట్టే ఉంటుంది.

మొదట్లో అందరూ తడబడ్డవాళ్లే. 1981లో పెంటాక్స్ తన ఎంఈ ఎఫ్ కెమెరా కోసం చేసిన 35-70 లెన్సుకు కింద పెద్ద పొట్ట ఉండేది. మోటారు, బ్యాటరీలు అన్నీ అందులోనే. 1985లో మినోల్టా 7000 వచ్చాక కథ మారింది. మోటారును కెమెరా బాడీలో పెట్టి, మౌంటు దగ్గర చిన్న స్క్రూతో లెన్సును తిప్పించారు. దాంతో లెన్సులు చిన్నవయ్యాయి, ధర తగ్గింది. (ఆటోఫోకస్ పేటెంట్ల మీద హనీవెల్ వేసిన కేసులో మినోల్టా 1992లో 12 కోట్ల 75 లక్షల డాలర్లు చెల్లించుకోవలసి వచ్చింది. అది వేరే కథ.) 1986లో నికాన్ ఎఫ్-501తో, 1987లో పెంటాక్స్ ఎస్ఎఫ్ఎక్స్‌తో అదే స్క్రూ దారి పట్టాయి.

కానన్ ఒక్కటే ఎదురు నడిచింది. 1987లో ఈఓఎస్ 650తో పాటు ఈఎఫ్ మౌంటును తెచ్చి, ప్రతి లెన్సులోనూ దాని మోటారును దానికే పెట్టింది. లెన్సుకూ కెమెరాకూ మధ్య మరలేవీ లేవు, విద్యుత్ సంకేతాలు మాత్రమే. పాత ఎఫ్‌డీ లెన్సులు కొత్త కెమెరాకు పట్టకుండా పోయాయి. వాటిని పోగేసుకున్నవాళ్లు మండిపడ్డారు, అందులో న్యాయమూ ఉంది. కానీ ఇప్పుడు వెనక్కి చూస్తే చవక జూమ్ కొనేవాడికి ఎక్కువ మేలు చేసింది ఆ మొండితనమే. 1987 నాటి ఈఎఫ్ 35-70 కానన్ డీఎస్ఎల్ఆర్‌లన్నిటి మీదా ఫోకస్ చేస్తుంది. అడాప్టర్ పెడితే ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్ మీద కూడా. గరగరమని చప్పుడైతే చేస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. కానన్ మౌంటుతో సిగ్మా చేసిన పాత లెన్సులు కొన్ని ఫిల్ము కెమెరా మీద చక్కగా నడిచి, డిజిటల్ బాడీ మీద ఎపర్చర్ మూసుకోవాల్సి రాగానే ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. లోపలి చిప్ ఆ తర్వాతి కెమెరాల భాషను అందుకోలేదు. ఫిల్ము బాడీ మీద పరీక్షించి కొంటే ఇది బయటపడదు.

నికాన్‌తో తికమక వేరు. మౌంటు 1959 నుంచీ అదే కాబట్టి లెన్సు పడుతుంది, వెలుతురు కొలత కూడా వస్తుంది. డి50, డి70, డి90, డి7000 లాంటి బాడీల్లో స్క్రూ మోటారు ఉంది. డి40, డి60, డి3000, డి5000 వరుసల్లో లేదు. వాటి మీద ఫోకస్ చేత్తో తిప్పుకోవలసిందే. జడ్ సిరీస్ కోసం నికాన్ చేసిన ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లోనూ మోటారు లేదు. ఇంకో చిన్న సంగతి: ఎపర్చర్ రింగున్న లెన్సయితే ఆ రింగును చివరి అంకె దగ్గర లాక్ చేయాలి. మరిచిపోతే కెమెరా ఎఫ్ఈఈ అని చూపించి మొరాయిస్తుంది. లెన్సు పాడైందని ఆ పూటే తిరిగి ఇచ్చేసేవాళ్లు లేకపోలేదు.

మినోల్టా లెన్సులది అన్నిటికంటే చిత్రమైన జాతకం. 2006లో కొనికా మినోల్టా కెమెరా వ్యాపారం సోనీ చేతికి వెళ్లింది. అదే ఏడాది వచ్చిన సోనీ ఆల్ఫా 100కు పాత మౌంటే ఉంచారు, చేతి వణుకును సర్దే ఏర్పాటును సెన్సర్‌కే అమర్చారు. కాబట్టి 1985లో తయారైన జూమ్‌కు కూడా ఆ సౌకర్యం ఉచితంగా దక్కింది. ఆ ఏడాది మొదటి విడతలో వచ్చిన 70-210 ఎఫ్/4కు ఆకారాన్ని బట్టి అభిమానులు బీర్ క్యాన్ అని ముద్దుపేరు పెట్టారు. లోహపు ఒళ్లు, 695 గ్రాముల బరువు. జూమ్ ఎంత లాగినా ఎపర్చర్ ఎఫ్/4 దగ్గరే ఉంటుంది. ఈ ధరల్లో ఆ గుణం అరుదు. సోనీ మిర్రర్‌లెస్‌కు 2020లో వచ్చిన ఎల్ఏ-ఈఏ5 అడాప్టర్‌లో స్క్రూ మోటారు ఉంది, కానీ అది తిరిగేది కొన్ని బాడీల మీదే.

ఇక ఫొటో విషయానికి వద్దాం. ఈ లెన్సులకు మూలలే బలహీనం. ఏపీఎస్-సి డీఎస్ఎల్ఆర్‌లలో సెన్సర్ చిన్నది కావడంతో లెన్సు మధ్యభాగమే వాడకంలోకి వస్తుంది, ఆ మూలలు కత్తిరించుకుపోతాయి. దీనికి మూల్యం లేకపోలేదు. నికాన్, సోనీ, పెంటాక్స్‌లలో 1.5 రెట్లు, కానన్‌లో 1.6 రెట్లు చూపు ఇరుకవుతుంది. అంటే 1.5 రెట్ల లెక్కన 70-210 కాస్తా 105-315లా పనిచేస్తుంది. బడి మైదానంలో ఆటలు తీసేవాళ్లకు అది వరం. 35-70 మాత్రం చిన్న గదిలో బంధువులందరినీ ఒక ఫ్రేములో పట్టలేదు. ఎపర్చర్ 4.5, 5.6 దగ్గరే ఆగిపోతుందన్న పాత ఫిర్యాదు ఇప్పుడు సగం చల్లారింది. 400 ఐఎస్ఓ రీలుతో సాయంత్రం ఇంట్లో ఫ్లాష్ లేకుండా తీయడం కష్టం. డిజిటల్‌లో 3200 పెట్టుకుంటే అదే లెన్సు గట్టెక్కిస్తుంది. ఎదురెండ ఒక్కటే దీనికి పడదు. వెలుతురు నేరుగా తగిలితే రంగులు వెలిసిపోతాయి, కనుక హుడ్ తప్పనిసరి.

ఫిల్ము వైపు వెళ్తే ఈ జూమ్‌లకు అసలు రూపం కనిపిస్తుంది, అవి కొలిచి చేసింది ఆ 36×24 మిల్లీమీటర్ల ఫ్రేముకే కదా. ఆ కాలపు ఆటోఫోకస్ బాడీలూ చవకే. అయితే ఈఓఎస్ 650 తరం కానన్‌లలో షట్టర్ దగ్గరి ఫోమ్ కరిగి నల్లని జిగురై తెరలకు అంటుకుంటుంది. వెనక మూత తీసి షట్టర్ చూడకుండా డబ్బులివ్వకూడదు.

లెన్సుకైతే టార్చ్ చాలు. వెనక నుంచి వెలుతురు వేసి ముందు నుంచి చూస్తే సాలెగూడు తంతుల్లాంటి ఫంగస్, పొగమంచులాంటి మసక తేలిగ్గా బయటపడతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల తేమలో ఏళ్ల తరబడి తోలు సంచిలో మగ్గినవాటిని మరీ అనుమానంగా చూడాలి. వాటిని తుడిపించడానికయ్యే కూలి చాలాసార్లు లెన్సు ధరనే దాటిపోతుంది. అందుకే ఆరితేరినవాళ్లు రిపేరు జోలికి పోరు. అదే లెన్సు శుభ్రమైనది ఇంకొకటి వెతికి కొని, పాతదాన్ని విడిభాగాలకు అట్టిపెట్టుకుంటారు.