తోటకూర నాడే

మన పల్లెలలో పెద్దలు చెప్పే కథ ఒకటి ఉన్నది. ఒక పిల్లవాడు పొరుగువారి పెరటిలో తోటకూర దొంగిలించి తెస్తే తల్లి మందలింపక, మురిసిపోయి వండిపెట్టినదట. వాడు పెరిగి పెద్ద దొంగయై, శిక్ష పడిన నాడు, “తోటకూర నాడే చెప్పివుంటే నాకీ గతి పట్టేది కాదు గదా అమ్మా!” అని వాపోయినాడట. మంచిమాట అయినా, మందు అయినా వేళకు అందవలె. వేళ మించిన పిమ్మట అది ఎంత గొప్పదైనా అక్కరకు రాదు. ఈ సామెత నీతికే గాక ఆరోగ్యశాస్త్రానికి కూడా అక్షరాలా అన్వయిస్తుంది. చిత్రమేమంటే, అక్కడ కూడా ప్రస్తావన ఆకుకూరదే.

తోటకూర, పాలకూర మొదలైన వాటిలో ఫోలేటు అనే జీవసత్వం ఉన్నది. బి విటమిన్ల కుటుంబంలో ఇది తొమ్మిదవది. మన జీవకణాలు దీనిని తయారుచేసుకొనలేవు. ఆహారం ద్వారానే రావలె. మాత్రలలో వాడే దీని కృత్రిమ రూపానికి ఫోలిక్ ఆమ్లమని పేరు. దీనిని కనుగొన్న చరిత్రలో మన దేశానికి, అందులోనూ తెలుగువారికి, గొప్ప భాగం ఉన్నది.

బొంబాయి మిల్లులలోని తల్లులు

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చినారు. అక్కడి బట్టలమిల్లులలో పనిచేసే పేద స్త్రీలకు గర్భిణీదశలో దారుణమైన పాండురోగం వచ్చి, తరచుగా ప్రాణాంతకమయ్యేది. వారి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్రకణాల సంఖ్య తగ్గి, ఉన్నవి అసాధారణంగా పెద్దవిగా కనిపించేవి. ఇది సూక్ష్మక్రిముల వల్ల వచ్చినదేమో అని ఆమె మొదట పరిశీలించినారు. కాదని తోచిన మీదట ఆ స్త్రీల కంచాల వైపు దృష్టి మరల్చినారు. పండ్లు, కూరలు, మాంసకృత్తులు ఆ కంచాలలో బహు స్వల్పం.

1929లో కొంతకాలం ఆమె కూనూరులోని పాశ్చర్ సంస్థలో పనిచేసినారు. ఆ ఊరి పోషకాహార పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థగా రూపొందినది. ఎలుకలపైన, కోతులపైన పరిశోధనలు సాగినవి. సారంలేని ఆహారంతో రక్తం క్షీణించిన ఒక కోతికి మార్మైట్ తినిపించగా అది తేరుకున్నది. మార్మైట్ అంటే ఆంగ్లేయులు రొట్టెకు రాసుకొని తినే ఈస్ట్ సారం. చౌకగా దొరికే వస్తువు. దానినే రోగులకు ఇచ్చి, వారు కోలుకొనడం చూచి, 1931లో ఆమె తన ఫలితాలను ప్రకటించినారు. అందులో పనిచేసిన పదార్థమేదో అప్పటికి తెలియదు. పేరులేని ఆ వస్తువును శాస్త్రజ్ఞులు చాలకాలం ‘విల్స్ అంశం’ అనే వ్యవహరించినారు.

పేరు 1941లో వచ్చినది. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి, దాని నుండి అతిస్వల్పమైన ఒక ఆమ్లాన్ని వేరుచేసినారు. లాటిన్ భాషలో ‘ఫోలియం’ అంటే ఆకు. ఆకు నుండి పుట్టినది గనుక అది ఫోలిక్ ఆమ్లమైనది.

సోదరులకు అందని ఔషధం

టన్నులకొద్దీ ఆకులు పిండితే చిటికెడు వచ్చే పదార్థం లక్షలాది రోగులకు ఎట్లు చాలును? దానిని ప్రయోగశాలలో నిర్మించవలె. ఆ కార్యాన్ని నడిపించినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, అమెరికా చేరి, హార్వర్డులో పేరు గడించి, 1940లో ఆయన న్యూయార్కు సమీపాన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరినారు. ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి లోకానికి అందించినది.

ఈ విజయం వెనుక ఒక విషాదం ఉన్నది. సుబ్బారావు యువకుడుగా ఉన్న రోజులలో ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల వ్యవధిలోనే స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధితో మరణించినారు. తరువాత ఆయనను కూడా ఆ వ్యాధి పట్టి పీడించినది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడినారు. స్ప్రూ సోకిన ప్రేగులు ఆహారంలోని సారాన్ని గ్రహింపలేవు. శరీరంలో ఫోలేటు క్షీణించి రక్తం విరుగుతుంది. ఫోలిక్ ఆమ్లం వచ్చిన కొలది కాలంలోనే ఆ వ్యాధిపై అది గుణమిస్తున్నదని వైద్యులు నిరూపించినారు. సుబ్బారావు చేతిమీదుగా వెలువడిన ఔషధం లోకానికి అందినది. సోదరులకు మాత్రం పాతికేళ్లు ఆలస్యమైనది.

ఆ బృందమే ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన పదార్థాలను కూడా నిర్మించినది. కాన్సరు కణాలు వేగంగా విభజన చెందుతవి గనుక వాటికి ఫోలేటు అవసరం హెచ్చు. దానిని అడ్డగిస్తే? బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అట్టి ‘అమినాప్టెరిన్’ అనే పదార్థాన్ని రక్తకాన్సరు పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానే అయినా రోగం వెనుకకు తగ్గడం 1948లో లోకానికి చూపినారు. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూసినారు.

ఇరువదియెనిమిది దినాలు

ఫోలేటు చేసే పని ఏమిటి? ఒక జీవకణం రెండు కావలెనంటే, తనలోని వంశసూత్రమైన డి.ఎన్.ఎ.కు నకలు వ్రాసుకొనవలె. ఆ వ్రాతకు కావలసిన ముడిసరుకు సిద్ధంచేయడంలో ఫోలేటు తప్పనిసరి. అది చాలకపోతే ఎముకల మూలుగలో పుట్టే రక్తకణాలు విభజన చెందలేక ఉబ్బి ఉండిపోతవి. బొంబాయి తల్లుల రక్తంలో కనిపించిన పెద్దకణాల రహస్యం ఇదే.

గర్భంలో కణవిభజన అతివేగంగా జరుగుతుంది. పిండం వీపున ఒక పలుచని పొర మడతపడి, గొట్టమై మూసుకొంటుంది. పైకొన మెదడు, మిగిలినది వెన్నుపాము అవుతవి. గర్భధారణ జరిగిన దాదాపు 28 దినాలకే ఈ నాడీనాళం మూసుకొనడం పూర్తి కావలె. పైన మూసుకొనకపోతే మెదడు, కపాలం సరిగా ఏర్పడక శిశువు బ్రతకదు. క్రింద మూసుకొనకపోతే వెన్నులో చీలికతో పుట్టి, తరచుగా కాళ్లు చచ్చుబడుతవి.

1991లో బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి 7 దేశాలలో జరిపించిన పరీక్ష ఫలితాలు వెలువడినవి. పూర్వం ఇట్టి శిశువును కన్న తల్లులలో కొందరికి గర్భధారణకు ముందునుండే ఫోలిక్ ఆమ్లం ఇవ్వగా, ఈ లోపం 72 శాతం తగ్గినది. ఫలితం ఇంత స్పష్టమైన మీదట మిగిలిన తల్లులకు ఇవ్వకుండా ఉంచడం ధర్మం కాదని పరీక్షను ముందుగానే ఆపివేసినారు. మరుసటి సంవత్సరం హంగేరీలో, అట్టి పూర్వచరిత్ర లేని తల్లులలోనూ ఫలితం ఇట్లే ఉన్నదని తేలినది.

ఇక్కడనే తోటకూర సామెత గుర్తుకు వస్తుంది. నెల తప్పినదని స్త్రీకి అనుమానం కలిగి, వైద్యుని వద్దకు వెళ్లేసరికి ఆ 28 దినాలు తరచుగా గడిచిపోయి ఉంటవి. గొట్టం మూసుకొనే వేళ దాటిన పిమ్మట ఎన్ని మాత్రలు మింగినా ఆ లోపం పూడదు. అందువల్లనే బిడ్డను కోరుకున్న నాటినుండి మూడు నెలలు నిండేవరకు దినానికి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకొనవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పూర్వం అట్టి శిశువును కన్నవారికి ఇంకా హెచ్చు మోతాదు కావలె; అది వైద్యుడు నిర్ణయించవలసినది.

అతిశయోక్తులు, జాగ్రత్తలు

గొప్ప మందుకు లేని గుణాలను అంటగట్టడం లోకసహజం. ఫోలేటు సంతానప్రాప్తికి సర్వౌషధమని ప్రచారం చేసేవారున్నారు. అండం, వీర్యకణం ఏర్పడడానికి అది అవసరమే. అయితే 2020లో అమెరికాలో ప్రకటితమైన ఒక పెద్ద పరీక్షలో, సంతానం కొరకు చికిత్స పొందుతున్న జంటలలోని పురుషులకు ఫోలిక్ ఆమ్లం, జింకు కలిపి ఇచ్చినా వీర్యగుణం గాని సంతానం గాని పెరగలేదు. లోపాన్ని పూడ్చడం వేరు, అద్భుతాలు ఆశించడం వేరు.

మరొక సంగతి. బి-12 అనే విటమిన్ కొరవడినా రక్తకణాలు ఇట్లే ఉబ్బుతవి. అప్పుడు హెచ్చు మోతాదున ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం బాగుపడినట్లు కనిపించి, నరాలకు కలిగే హాని లోలోపల సాగిపోతుంది. బి-12 శాకాలలో దొరకదు గనుక పాలు, గుడ్డు కూడా ముట్టనివారు దీనిని విస్మరింపరాదు.

వంటింటిలో జ్ఞాపకముంచుకొనవలసినవి స్వల్పం. ఆకుకూరలు, శనగలు, పెసలు, కందిపప్పు, అలసందలు, వేరుశనగలు, నారింజ ఫోలేటుకు నిలయాలు. ఇది నీటిలో కరిగిపోతుంది, అధికంగా కాగితే నశిస్తుంది. ఉడికించిన నీటిని పారబోసే ఇల్లాలు కూరలోని సారాన్ని పారబోస్తున్నట్లే. పప్పులో ఆకు కలిపి, నీరు మిగలకుండా వండే మన పాతకాలపు పద్ధతి శాస్త్రసమ్మతమైనది.

బడిలోని నీలిరంగు మాత్ర

2018లో ప్రారంభమైన రక్తహీనతా నిర్మూలన కార్యక్రమం, అనీమియా ముక్త భారత్, ప్రకారం 10 నుండి 19 ఏళ్ల పిల్లలకు వారానికొక నీలిరంగు మాత్ర ఇవ్వవలె. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటవి. పంచేది ఎక్కువగా ఉపాధ్యాయులే. కడుపులో త్రిప్పుతుందనో, మలం నల్లబడుతుందనో భయపడి పిల్లలు దానిని కిటికీలోనుండి విసరివేయడం కద్దు. భోజనానంతరం మింగితే వికారం తగ్గుతుంది. నల్లరంగు ఇనుము వల్ల వచ్చేదే, ప్రమాదం లేదు. జ్వరంతో ఉన్న పిల్లలకు, వైద్యుడు వద్దన్న పిల్లలకు మాత్రం ఇవ్వరాదు. ఈ నాలుగు మాటలు చెప్పి మాత్ర చేతికిస్తే విసరివేసేవారు తగ్గుతారు.

అయితే ఒక నిజం మరువరాదు. శరీరంలో ఫోలేటు నిలువ కొద్ది నెలలకు మించదు. పదవ తరగతిలో మింగిన మాత్ర, ఆ బాలిక తల్లి కాబోయే నాటికి మిగిలి ఉండదు. మిగిలి ఉండగలది ఆమె బడిలో నేర్చిన మాట ఒక్కటే. పుస్తకంలోని విటమిన్ల పట్టికను వల్లె వేయించి ఊరుకొంటే అది పరీక్ష మరునాడే మరపునకు వస్తుంది. దానితోపాటు ఆ ఇరువదియెనిమిది దినాల సంగతి కూడా చెప్పండి. బాలికలకే కాదు, రేపటి భర్తలైన బాలురకు కూడా చెప్పండి. సుబ్బారావు సోదరులకు వేళ దాటిపోయినది. మన తరగతిగదులలోని పిల్లలకు ఇంకా దాటలేదు.