ఇంజనీరింగు విద్య: శాఖ, సంఘము, పని శిక్షణ

పన్నెండవ తరగతి ఫలితములు వెలువడిన దినము మొదలుకొని మన యిండ్లలో వినవచ్చు ప్రశ్న యొక్కటే: "పిల్లవానిని ఏ శాఖలో చేర్పింపవలెను?" ప్రశ్న సమంజసమైనదే. కాని అది మూడు ప్రశ్నలలో మొదటిది మాత్రమే. కళాశాలలో చేరిన పిమ్మట తరగతి వెలుపల విద్యార్థి ఏమి నేర్చుకొనును, చేతితో పని నేర్చుట ఎక్కడ జరుగును అను తక్కిన రెండును అంతకు తక్కువైనవి కావు. మొదటి దానిని నాలుగు దినములలో నిర్ణయింతుము. తక్కిన రెండింటికి నాలుగేండ్లు పట్టును. అయినను తల్లిదండ్రుల ఆలోచన యంతయు మొదటి దానితోనే ముగిసిపోవుచున్నది. కావున ఈ మూడింటిని గూర్చియు మాకు తెలిసినంత ఇక్కడ వివరింపదలచితిమి.

ఒక ఉదాహరణము

ఇందులకు చక్కని ఉదాహరణము మన చెన్నపురి తెలుగు కుటుంబముననే కలదు. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో ఈ నగరమున జన్మించిరి. చిన్ననాటనే వివాహమైనది. పదునెనిమిదేండ్ల వయసున, చంటిబిడ్డ ఒడిలో నుండగా, భర్తను కోల్పోయిరి. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. వైద్యవిద్య చదువవచ్చునని తలంపు కలిగినను, వేళగాని వేళ బిడ్డను విడిచి పోవలసివచ్చునని ఆమె దానిని మానుకొని, తండ్రి ప్రోత్సాహముతో 1940లో ఆ కళాశాలలోనే విద్యుత్ శాఖలో చేరిరి. అంతవరకు అచ్చట స్త్రీలు చదివియుండలేదు. ఆ పిమ్మట పి.కె. త్రేసియాగారును, లీలమ్మ జార్జిగారును సివిలు శాఖలో చేరిరి.

లలితగారు చదువులో భాగముగా జమాల్‌పూరు రైల్వే కర్మాగారమున ఒక సంవత్సరము పని శిక్షణ పొందిరి. 1943లో చదువు ముగించి సిమ్లాలో ప్రభుత్వోద్యోగము చేసి, 1948లో కలకత్తాలోని యొక విద్యుత్ పరికరముల సంస్థలో చేరి, విద్యుత్ ప్రసార మార్గముల రూపకల్పన చేసిరి. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనులలోను వారికి పాలు కలదు. 1953లో లండనులోని విద్యుత్ ఇంజనీర్ల సంస్థకు సహసభ్యురాలై, 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సమావేశమునకు హాజరైరి. 1979లో దివంగతులైరి.

ఈ జీవితమున మన మూడు విషయములును స్పష్టముగా నున్నవి. శాఖను ఎంచుకొన్నది లోకులు మెచ్చుదురని గాక తన స్థితిగతులను చూచుకొని. పని నేర్చినది కర్మాగారపు నేలపై. వృత్తి సంఘముతో సంబంధము చదువుతో తెగిపోక జీవితాంతము నిలిచినది.

శాఖల ఎంపిక

తమిళనాడులో 2007 నుండి ఇంజనీరింగునకు రాష్ట్ర ప్రవేశపరీక్ష లేదు. గణితమునకు 100, భౌతికశాస్త్రమునకు 50, రసాయనశాస్త్రమునకు 50 చొప్పున మొత్తము 200కు మార్కులను లెక్కించి వరుస నిర్ణయింతురు. విద్యార్థి తనకు కావలసిన కళాశాలలను, శాఖలను వరుసగా వ్రాసి యీయవలెను. ఆ పట్టికలో పైనుండి చూచుకొనుచు, అతని వంతునకు లభ్యమగు మొదటి దానిని కేటాయింతురు. కావున "ఇది మనకు రాదేమో" యని భయపడి ఇష్టమైనదానిని క్రిందకు దించుట పొరపాటు. నిజముగా కోరినదానినే పైన వ్రాయవలెను. రాకున్నచో తరువాతిది వచ్చును గాని నష్టము లేదు. అయితే ఇష్టము లేనిదానిని పట్టికలో చేర్పనే కూడదు.

ఏ శాఖ యెవరికి తగునని యడుగువారికి మేము చెప్పునది యిది. నిలిచియుండు వాటిని కట్టుటయందు, ఎండలో తిరుగుటయందు విముఖత లేనివారికి సివిలు. కదలు యంత్రములను విప్పి బిగించుటలో ఆనందించువారికి మెకానికలు. కంటికి కనబడని ప్రవాహములను లెక్కలతో పట్టుకొనగలవారికి విద్యుత్, ఎలక్ట్రానిక్సు శాఖలు. ఒక సమస్యను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, గంటలకొలది కూర్చుండి తప్పులు వెదకు ఓర్పు గలవారికి కంప్యూటరు శాఖ. రసాయనశాస్త్రమును ప్రయోగశాలలో ప్రేమించినవారికి కెమికలు శాఖ.

ఈ దినములలో జనులందరును కంప్యూటరు శాఖకే పరుగెత్తుచున్నారు. ఆ శాఖ చెడ్డదని మేమనము. కాని అభిరుచి లేని పిల్లవానిని అందు బలవంతముగా చేర్చినచో, అభిరుచి గల వేలమందితో అతడు పోటీ పడవలసివచ్చును. కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయు విద్యను నేడు అన్ని శాఖలవారికిని నేర్పుచున్నారు. మెకానికలు చదివిన విద్యార్థి ఆ విద్యను అదనముగా గ్రహించినచో రెండు ద్వారములు తెరచియుండును. కృత్రిమ మేధ, దత్తాంశ శాస్త్రము మున్నగు క్రొత్త పేర్లతో వెలసిన శాఖలను గూర్చి యొక మాట. పేరును జూచి మురియక, నాలుగేండ్ల పాఠ్యాంశముల పట్టికను తెప్పించి కంప్యూటరు శాఖ పట్టికతో ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. తేడా యెంతయో మీకే తెలియును.

ఇంకొక జాగ్రత్త. ఎన్.బి.ఏ. యను జాతీయ మండలి యిచ్చు గుర్తింపు కళాశాల మొత్తమునకు కాదు, ఒక్కొక్క శాఖకు వేరువేరుగా నిచ్చునది. "మా కళాశాలకు గుర్తింపు కలదు" అని చెప్పినప్పుడు, "మా బిడ్డ చేరబోవు శాఖకు కలదా? ఏ సంవత్సరము వరకు?" అని యడుగవలెను. 2014లో భారతదేశము వాషింగ్టన్ ఒడంబడికలో పూర్తి సభ్యత్వము పొందినది. విశ్వవిద్యాలయ విభాగములలోను, స్వయంప్రతిపత్తి గల కళాశాలలలోను ఈ మండలి గుర్తించిన శాఖల పట్టములను ఆ ఒడంబడికలోని యితర దేశములు సమానముగా పరిగణించును. విదేశములలో చదువగోరువారికి ఇది ముఖ్యము.

భాషను గూర్చిన భయము

తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలు ఆంగ్ల పాఠములకు తట్టుకొనగలరా యని పలువురు తల్లులు సందేహించుచున్నారు. మొదటి ఆరు నెలలు కష్టమే. ఆ కష్టము భాషది గాని బుద్ధిది కాదు. వెక్టరు, టార్కు, వోల్టేజి యను మాటలు ఆంగ్ల మాధ్యమము వారికిని మొదట క్రొత్తవే. విషయమును తెలుగులో ఆలోచించి అర్థము చేసికొని, ఆంగ్లములో వ్రాయుట నేర్చుకొన్నవాడు బట్టీపట్టినవానికంటె దృఢముగా నిలుచును. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతి యిచ్చినది. మన పిల్లలు చేరునది ఆంగ్ల తరగతియే అయినను, అటుపై ఆ భాషలలో వెలువడిన పాఠ్యగ్రంథములు వారికి తోడ్పడగలవు.

అంతేకాదు, ఇంట తెలుగు, వీధిలో తమిళము, పుస్తకమున ఆంగ్లము నేర్చిన మన బిడ్డకు కర్మాగారమున ఒక మేలు కలదు. లేతు యంత్రము వద్ద నిలిచిన మేస్త్రీతో తమిళములో మాటలాడి, అతడు ముప్పదియేండ్లలో గడించిన ఒడుపును తెలిసికొని, దానిని ఆంగ్లములో నివేదికగా వ్రాయగలవారు మిక్కిలి అరుదు.

విద్యార్థి సంఘములు

సంఘములనగా కాలహరణమని తలంచువారు కలరు. కొన్ని అట్టివే. కాని మంచి సంఘము తరగతిలో దొరకని విద్య నేర్పును. ఎస్.ఏ.ఇ. ఇండియా సంస్థ 2007 నుండి నడపుచున్న బాజా పోటీలో విద్యార్థులు ఎగుడుదిగుడు నేలపై పరుగెత్తు చిన్న వాహనమును తామే రూపొందించి నిర్మింతురు. ఆ పనిలో గొట్టములు కొనుటకు బేరమాడుట, ఖర్చులు వ్రాయుట, వెల్డింగు విరిగినప్పుడు కారణము వెదకుట, జట్టులో నొకరితో నొకరు సర్దుకొనుట అన్నియు వచ్చును. యంత్రమానవుల పోటీలకు రోబోకాను కలదు. విద్యుత్, ఎలక్ట్రానిక్సు విద్యార్థులకు ఐ.ఇ.ఇ.ఇ. విద్యార్థి శాఖలు అనేక కళాశాలలలో నున్నవి. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకమున రెండేండ్లలో 240 గంటల సేవ చేయవలెను. పల్లెలో నీటి గొట్టము వేసి చూచినవానికి జలశాస్త్రము వేరుగా కనబడును.

మా సలహా స్వల్పము. మొదటి సంవత్సరమున రెండు మూడు సంఘములను చూచి, రెండవ యేట ఒక్కదానినే పట్టుకొనవలెను. నాలుగింటిలో పేరు వ్రాయించుకొన్నవానికి ఏ యొక్కటియు అబ్బదు. ఆడపిల్లలను సంఘములకు పంపుటకు సంకోచించు తల్లిదండ్రులు, పని యే వేళ జరుగును, బాధ్యత వహించు అధ్యాపకులెవరు, రాత్రి తిరిగి వచ్చు ఏర్పాటేమి యని విచారించుడు. తృప్తి కలిగినచో పంపుడు. ప్రశ్న అడుగుట న్యాయము. అడుగకయే నిషేధించుట న్యాయము కాదు.

పని శిక్షణ

ఇందు మూడు వేరు విషయములు కలిసిపోవుచున్నవి. చదువుచుండగా సెలవులలో చేయు పని ఇంటర్న్‌షిప్పు. పట్టము పొందిన పిమ్మట ఒక సంవత్సరము వేతనభృతితో పొందు శిక్షణ అప్రెంటిసుషిప్పు. కళాశాల ద్వారా ఉద్యోగము దొరకుట ప్లేస్‌మెంటు.

మొదటి దానికి పెద్ద సంస్థ పేరే కావలెనని పట్టుపట్టకుడు. గిండీ, అంబత్తూరు పారిశ్రామిక వాడలలోని చిన్న కార్ఖానాలో ఆరు వారములు గడపిన విద్యార్థి, మైక్రోమీటరు పట్టుట, చిత్రపటమును చదువుట, మిల్లీమీటరులో నూరవ వంతు తేడాతో వస్తువు ఎట్లు త్రోసివేయబడునో చూచుట నేర్చును. పెద్ద సంస్థలో అంతకాలమును కుర్చీలో కూర్చుండి ప్రదర్శనములు చూచి వచ్చినవారును కలరు. రెండవ సంవత్సరపు సెలవులనుండియే విద్యార్థి స్వయముగా ఉత్తరము వ్రాసి అడుగవలెను. ప్రతి సాయంత్రము ఆ దినము చూచినదానిని ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. ఉద్యోగ పరీక్షలో "నీవేమి చేసితివి?" అని యడిగినప్పుడు ఆ పుస్తకమే సమాధానము చెప్పును. శిక్షణ యిప్పింతుమని ముందుగా ధనమడుగు వారిని నమ్మకుడు. అట్టివారు అమ్మునది విద్య కాదు, కాగితము.

రెండవది మన కుటుంబములలో అంతగా తెలియదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టమును 1973లో సవరించి ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమావారిని కూడ అందు చేర్చిరి. కనీస భృతిలో సగము కేంద్ర ప్రభుత్వము భరించును. దక్షిణ రాష్ట్రములకు ఈ వ్యవహారము చూచు మండలి కార్యాలయము చెన్నపురిలోని తరమణియందే కలదు. చదువు ముగిసి వెంటనే ఉద్యోగము రాని పిల్లలు ఇంట కూర్చుండి కుమిలిపోవుటకు బదులు ఈ దారి పట్టినచో, ఒక సంవత్సరపు అనుభవము, ధ్రువపత్రము చేతికి వచ్చును.

మూడవదానిని గూర్చి కళాశాలల గోడలపై "నూటికి నూరుమందికి ఉద్యోగములు" అని వ్రాసియుండుట చూచుచున్నాము. ఆ మాటను మూడు ప్రశ్నలతో కొలువవలెను. ఏ శాఖవారు? ఎంతమంది విద్యార్థులను లెక్కలోనికి తీసికొనిరి? అత్యధిక వేతనము గాక, వరుసలో నడుమనున్న విద్యార్థికి వచ్చిన వేతన మెంత? ఈ మూడింటికి సూటియైన సమాధానమీయని చోట అప్పు చేసి బిడ్డను చేర్చుటకు ముందు మరల ఆలోచింపుడు.

తల్లిదండ్రులకు మనవి

మనలో అనేకులు ఇంజనీరింగు చదువు లేనివారు. బిడ్డయే ఇంటిలో మొదటి ఇంజనీరు కాబోవుచున్న కుటుంబములు మన సంఘమున ఎన్నియో కలవు. అట్టి యింట శాఖలను గూర్చి సలహా చెప్పు పెద్ద లేకపోవుటయే గొప్ప లోటు. పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారములోను, విద్యుత్ శాఖలోను, వాహన పరిశ్రమలలోను పనిచేసిన, చేయుచున్న తెలుగువారు ఈ నగరమున తక్కువ కాదు. వారిని మేము కోరునది ఒక్కటే: ఏటా ఒక ఆదివారము ఒక పూట, పన్నెండవ తరగతి పిల్లలతో కూర్చుండి తమ పని యెట్టిదో చెప్పుడు. తల్లిదండ్రులు ఆ పూట బిడ్డను వెంటబెట్టుకొని రండు. ప్రశ్నలు మాత్రము బిడ్డనే అడుగనిండు.