స్ప్రింగులు కట్ చేయిస్తే కారు ఒరగడం తగ్గుతుందా?

వలీమా కోసం ఏడుగురూ ఒకే కారులో బయల్దేరతారు. సూట్‌కేసులన్నీ పైన క్యారియర్ మీదే. మలుపు రాగానే బండి బయటి వైపుకి ఒరుగుతుంది, వెనక సీట్లో పిల్లలు ఒకరి మీద ఒకరు పడతారు. “స్ప్రింగులు కట్ చేయించు భాయ్, బండి కిందికి దిగితే ఒరగదు” అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఈ సలహా సగమే నిజం.

కారు బరువంతా ఒక్కచోటే ఉందనుకుంటే, ఆ చోటు గరిమనాభి. మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది రోల్ సెంటర్. ఇది విప్పి చూపించే పార్టు కాదు, చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌ల కోణాల వల్ల ఏర్పడేది. పానా పిడి పొడవైతే నట్టు తేలిగ్గా తిరిగినట్టే, ఈ రెండింటి మధ్య దూరం పెరిగితే బాడీ తేలిగ్గా ఒరుగుతుంది.

మన చిన్న కార్లలో చాలావాటికి ముందు వైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. స్ప్రింగు కట్ చేస్తే బాడీతో పాటు కింది ఆర్మ్ లోపలి కొస కూడా దిగి, ఆర్మ్ కోణం మారిపోతుంది. దాంతో గరిమనాభి 3 సెంటీమీటర్లు దిగితే, రోల్ సెంటర్ సాధారణంగా అంతకంటే ఎక్కువే దిగుతుంది. ఒక్కోసారి రోడ్డు మట్టం కిందికి కూడా పోతుంది. బండి పొట్టిదైంది, పిడి మాత్రం పొడవైంది! కట్ చేసిన స్ప్రింగు కాస్త గట్టిపడుతుంది కాబట్టి ఈ తేడా వెంటనే తెలీదు. గుంతలో పడ్డప్పుడు చక్రం తనంతట తానే పక్కకి తిరగబోతే అప్పుడు తెలుస్తుంది, ఎందుకంటే స్టీరింగ్ రాడ్డు కోణం కూడా చెడింది. స్ప్రింగు తన సీటులో సరిగ్గా కూర్చోకపోతే అది ఇంకో ప్రమాదం.

పోనీ, రోల్ సెంటర్ బాగా పైన ఉంటే? అమెరికాలో 1960–63 మధ్య వచ్చిన షెవ్రొలే కార్వెయిర్ వెనక వైపు అలాగే ఉండేది. గట్టి మలుపులో వెనక బాడీ పైకి లేచి, బయటి చక్రం లోపలికి మడుచుకోబోయేది. 1965 మోడల్‌కి కంపెనీ సస్పెన్షనే మార్చేసింది.

ఇంకో మాట. ఒరగడం తగ్గినంత మాత్రాన బోల్తా ముప్పు తగ్గదు. లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకి ఎంత బరువు మారాలో ముఖ్యంగా తేల్చేవి గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపులో వేగం. యాంటీ రోల్ బార్ బాడీని నిటారుగా ఉంచుతుందే గానీ ఆ లెక్కని పెద్దగా మార్చదు. క్యారియర్ మీది బరువైన సూట్‌కేసుల్ని డిక్కీలో అడుగున పెడితే మాత్రం లెక్క మారుతుంది, పైగా మెకానిక్‌కి పైసా ఇవ్వక్కర్లేదు.