సైన్యంలో చేరితే ఆకాశంలో ఎగరవచ్చా?
* ఇంటర్ గ్రూపు ఎంపికలోనే సగం భవిష్యత్తు
* పైలట్ సామర్థ్య పరీక్షకు జీవితంలో ఒక్కటే అవకాశం

విజయనగరం: సైన్యాధికారి కావాలి.. విమానం నడపాలి.. పల్లెల్లోని పాఠశాలల్లోనూ ఈ కలలు కనే విద్యార్థులకు కొదవ లేదు. అయితే ఆర్మీలో చేరిన ప్రతి అధికారీ పైలట్ కాలేరన్న సంగతి పదో తరగతి పూర్తికాకముందే తెలుసుకోవడం అవసరం.

ఎవరు ఏది నడుపుతారు?: యుద్ధవిమానాలు, భారీ రవాణా విమానాలు వైమానిక దళానివి. ఆర్మీ పైలట్లు నడిపేది హెలికాప్టర్లను. ఇందుకోసం 1986 నవంబరు 1న ఆర్మీ ఏవియేషన్ కోర్ ఏర్పడింది. చీతా, చేతక్, ధ్రువ్, రుద్ర, ప్రచండ్‌లకు తోడుగా 2025 జులైలో అపాచీలు వచ్చాయి. సియాచిన్ మంచు శిఖరాలపై కాపలా కాసే జవాన్లకు సరకులు చేరవేయడం, క్షతగాత్రులను తరలించడం ఈ విభాగం బాధ్యతల్లో కొన్ని.

గ్రూపు వద్దే జాగ్రత్త: ఇంటర్ తర్వాత పుణె సమీపంలోని ఖడక్‌వాస్లా జాతీయ రక్షణ అకాడమీలో చేరేందుకు యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పరీక్ష నిర్వహిస్తుంది. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్లలోపు అవివాహితులు అర్హులు. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపైనా చాలు. వైమానిక, నౌకా దళాలకు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు తప్పనిసరి. బైపీసీ, సీఈసీ విద్యార్థులకు ఆ దారి మూసుకుపోయినట్లే. ఆర్మీని ఎంచుకున్నా గణితం తప్పదు. రాతపరీక్షలోని 900 మార్కుల్లో 300 దానివే. 2021 నవంబరు పరీక్ష నుంచి బాలికలకూ అవకాశం లభించింది. వారి తొలి బృందంలో 17 మంది 2025 మేలో శిక్షణ ముగించారు.

అసలు వడపోత ఇక్కడే: రాతపరీక్ష గట్టెక్కినవారికి ఐదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ ఉంటుంది. దీనికి మరో 900 మార్కులు. వైమానిక దళ పైలట్ కావాలనుకునేవారు కంప్యూటర్‌పై సామర్థ్య పరీక్షలోనూ నెగ్గాలి. ఒకసారి విఫలమైతే మళ్లీ హాజరయ్యే వీలుండదు. కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అకాడమీలో మూడేళ్ల తర్వాత వైమానిక దళ క్యాడెట్లు హైదరాబాద్ సమీపంలోని దుండిగల్‌కు, ఆర్మీ క్యాడెట్లు దేహ్రాదూన్‌కు వెళతారు.

ఆర్మీలో రెండో మెట్టు: హెలికాప్టర్ నడపాలంటే ఆర్మీ అధికారి మరోసారి ఎంపికలో నెగ్గి నాసిక్‌లో శిక్షణ పొందాలి. హరియాణాకు చెందిన అభిలాషా బరాక్ 2018లో గగనతల రక్షణ విభాగంలో అధికారిగా చేరారు. 2022 మేలో నాసిక్‌లో శిక్షణ పూర్తిచేసి ఆర్మీ తొలి మహిళా యుద్ధ హెలికాప్టర్ పైలట్ అయ్యారు. ఎంపిక కానివారు తమ విభాగాల్లోనే అధికారులుగా కొనసాగుతారు. ఎగిరే అవకాశం దక్కకున్నా సైనిక జీవితం ఇష్టమేనా అన్నది విద్యార్థి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న.

ఆలస్యమైనా దారి ఉంది: డిగ్రీ పూర్తిచేసినవారు సీడీఎస్ ద్వారా ఆర్మీకి, ఏఎఫ్‌క్యాట్ ద్వారా వైమానిక దళానికి ప్రయత్నించవచ్చు. చిన్ననాటి నుంచే సిద్ధం కావాలనుకునేవారికి 1962లో ప్రారంభమైన కోరుకొండ సైనిక పాఠశాల, ఆ తర్వాత వచ్చిన కలికిరి పాఠశాల ఉన్నాయి. వీటిలో 6, 9 తరగతుల్లో ప్రవేశ పరీక్ష ద్వారా చేరవచ్చు.