ముదిరిన ప్రోస్టేటు క్యాన్సరు: వైద్యుడు మందు నెన్నుకొను విధము

మూత్రాశయము క్రింద అక్రోటు కాయంత ఉండు ప్రోస్టేటు గ్రంథికి సోకిన క్యాన్సరు ఎముకలకు ప్రాకెనని తెలియగానే, ఇక చేయదగినదేమియు లేదని ఇంటివారు క్రుంగిపోవుదురు. ఈ తలంపు సరికాదని మనము గ్రహింపవలెను. సమూలముగా నయము కాకున్నను, రోగమును ఏండ్ల తరబడి అణచి ఉంచుట పలువురి విషయమున సాధ్యమే.

ఈ క్యాన్సరు కణములను పెంచి పోషించునది పురుష హార్మోను. దానిని తగ్గించినచో రోగము అణగునని 1941లో చికాగో విశ్వవిద్యాలయమున చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ చూపిరి. అందుకు హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమానము లభించెను. నేటికిని చికిత్సకు పునాది ఇదియే. హార్మోనును ఆపుటకు వృషణములను తొలగించు చిన్న శస్త్రచికిత్స ఒక దారి. కొన్ని నెలలకొకటి చొప్పున వేయు ఇంజెక్షను మరియొకటి. రోగమును అణచుటలో రెండును ఇంచుమించు సమానమే. మొదటిదానికి ఖర్చు ఒక్కమారే, రెండవదానికి ఏండ్ల తరబడి. అయినను శస్త్రచికిత్స మాట ఎత్తగానే మనవారు సిగ్గుతో తల త్రిప్పుకొందురు; ఇంజెక్షన్ల ఖర్చును ముందుగా లెక్కించువారు అరుదు.

ఇప్పుడు దీనికి తోడుగా అబిరటెరోన్ వంటి మాత్రను మొదటినుండియే చేర్చుచున్నారు. రోగము విస్తారముగా వ్యాపించి, దేహము తట్టుకొనగలదనిపించినచో డోసిటాక్సెల్ కీమోథెరపీని కూడ ఆలోచింతురు. అబిరటెరోన్‌తో స్టెరాయిడు వాడవలెను గనుక మధుమేహము, రక్తపోటు గలవారిని కనిపెట్టి చూడవలెను. మూర్ఛవ్యాధి ఉన్నవారికి ఎంజలుటమైడ్ ఇచ్చుటకు వెనుకాడుదురు. వైద్యుడు పాత జబ్బులన్నిటిని గుచ్చి గుచ్చి అడుగుట ఇందుకే. వెన్నెముకకు ప్రాకిన రోగికి కాళ్లు పట్టు తప్పినచో, ఏ మందు మేలను చర్చ మాని ఆనాడే ఆసుపత్రికి చేర్పవలెను.